ఇరుసు గ్రహంలో స్థానికులు

గొర్లె హైమవతి పుట్టింది విశాఖపట్నంలో. చదివింది విశాఖపట్నంలో. సర్కారు ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో పన్నెండేళ్లుగా జనానికి సూదులు గుచ్చుతున్నదీ విశాఖపట్నంలోనే. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే ఆమె తడుముకోవలసిన పని ఎప్పుడూ రాలేదు. కానీ రాష్ట్ర కాల్పనిక వైజ్ఞానిక చలనచిత్ర ప్రోత్సాహక మండలి వారు ఊరు అడగలేదు. గ్రహం అడిగారు.

"భూమేనండీ," అంది హైమ, కొంచెం ఆలోచించి.

"అదే వచ్చిన చిక్కు," అన్నారు సంయుక్త సంచాలకులు కొమరవోలు దక్షిణామూర్తి గారు, ఫైలు మూసి దాని మీద గాజు బరువు పెడుతూ. "భూమి వాళ్లయితే మీరు స్థానికేతరుల కిందికి వస్తారు."

దక్షిణామూర్తి గారు పట్టుపరిశ్రమ శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన మనిషి. ఇరవై రెండేళ్ల పాటు పట్టుపురుగులకు వేళకింత మల్బరీ ఆకు వేయించి, అవి గూడు కట్టడం పూర్తికాగానే ఉడకబెట్టించి, ఆ అనుభవంతో కళాకారుల బాగోగులు చూడ్డానికి వచ్చారు.

సంగతేమిటంటే, ప్రణీత్ అనే కుర్ర దర్శకుడు "పదకొండు రోజుల సూర్యుడు" అని ఒక సినిమా తీస్తున్నాడు. కథంతా నాలుగు వందల కాంతి సంవత్సరాల అవతల, ఇరుసు అనే గ్రహంలో జరుగుతుంది. ఇరుసు తన సూర్యుడి చుట్టూ పదకొండు రోజుల్లో తిరిగేస్తుంది. అక్కడి గనుల్లో పనిచేసే కూలీలు పని దిగాక గిటార్లూ డ్రమ్ములూ అందుకుని గుండెలదిరేలా పాడుకుంటారు. ఆ పాటల కోసం ప్రణీత్ రాష్ట్రమంతా గాలించి పన్నెండు రాక్ బృందాల్ని పట్టుకొచ్చి, ఒక్కొక్కరి చేత ఒక్కో పాట స్టూడియోలో రికార్డు చేయించాడు. పన్నెండూ కలిపి ఒక సంకలనం ఆల్బం. దాన్ని విడుదల చేసేది మండలి. మండలి పుట్టాక చేస్తున్న మొట్టమొదటి పని అదే కనుక, అందులో ఉన్న వాళ్లందరూ తలో చెయ్యీ వేశారు.

హైమ బృందం పేరు ఉప్పుగాలి. ఉన్నది ముగ్గురు. హైమ బేస్ గిటార్ వాయిస్తుంది. రైల్లో టికెట్లు తనిఖీ చేసే సాల్మన్ గిటార్ వాయిస్తూ పాడతాడు. వెనక డ్రమ్ముల మీద నూకరాజు. సముద్రపు గాలికి వాళ్ల వీధిలో ఏ సైకిలూ రెండేళ్లకు మించి బతకదు గనక, వాళ్ల పాట పేరు "తుప్పు పట్టిన సైకిలు". "బెల్లు మోగదు, బ్రేకు పడదు, పోనీ సైకిలూ పోనీ" అని సాల్మన్ అరుస్తుంటే వినేవాళ్లకు కాళ్లు నేల మీద నిలిచేవి కావు. వినేవాళ్లే పెద్దగా ఉండేవాళ్లు కారు.

"మా సంకలన నియమావళి ఏడో నిబంధన చదివారా?" అన్నారు దక్షిణామూర్తి గారు.

హైమ చదవలేదు. ఆయనే గొంతు సవరించుకుని చదివి వినిపించారు. "సంకలనములోని గీతములలో డెబ్బై శాతమునకు తక్కువ కాకుండా కథాస్థలమునకు స్థానికులైన కళాకారులు ఆలపించినవై ఉండవలెను."

ఈ నిబంధన నిజానికి వేరే శాఖ వారిది. గోదావరి మీద పాటలు తీసి, గోదావరి వాళ్లకు ఒక్క పాటైనా ఇవ్వడం లేదని ఎప్పుడో ఫిర్యాదు వస్తే రాసుకున్నది. మండలి పెట్టినప్పుడు కొత్త నియమావళి రాసే తీరిక లేక దాన్నే యథాతథంగా దించుకుని, గోదావరి అన్న చోటల్లా "కథాస్థలము" అని దిద్దారు.

"ఆ గ్రహమే లేదు కదండీ," అంది హైమ.

"లేదని మీరంటున్నారు. రికార్డులో ఉంది." ఆయన ఇంకో ఫైలు తెరిచి చూపించారు. గుమ్మడివలస దగ్గర పాడుబడ్డ రాతి క్వారీలో సెట్టు వేసుకోవడానికి ప్రణీత్ పెట్టుకున్న అర్జీ అది. విషయం: ఇరుసు గ్రహ నిర్మాణమునకు అనుమతి కోరుట గురించి. కింద ఆకుపచ్చ సిరాతో "అనుమతించడమైనది" అని సంతకం. "అనుమతి ఇచ్చాక లేదంటే ఎలాగమ్మా? ఇచ్చినవాళ్లం మేమేమైపోవాలి?"

హైమకు ఒళ్లు మండింది. మీ ఆల్బం మీరే పాడుకోండని లేచి వచ్చేసేదే. అలా రాకపోవడానికి కారణం నూకరాజు చెవి.

నూకరాజు ఓడలు బాగుచేసే యార్డులో ఇనపరేకుల షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా పని చేస్తున్నాడు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా వచ్చే వానాకాలం దాటదని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట విన్న రోజు నూకరాజు ఏడవలేదు గానీ, టీ కొట్టు దగ్గర హైమతో ఒక మాటన్నాడు.

"ఎనకాల కూకుని వాయించినోడికి తన దరువు తప్ప ఏటీ ఇనబడదమ్మా. పన్నెండేళ్లయి వాయిస్తన్నాను గానీ మన పాట ఎలాగుంటాదో నాకు తెల్దు. ఒక్కపాలి, ఒకే ఒక్కపాలి బయటోడిలాగ కూకుని ఇనాల. అంతే."

ఫోనులో రికార్డు చేసి చూశారు. అందులోనూ డ్రమ్ములే వినిపించాయి. ఇప్పుడు స్టూడియోలో చేసిన పాట ఉంది, కానీ వాయించిన వెంటనే మండలి వాళ్లు పట్టుకుపోవడంతో, అది విడుదల దాకా వాళ్ల బీరువాలో లక్క సీలు కింద ఉంది. "నీకు వినిపిస్తాను నూకరాజన్నా, నాదీ పూచీ," అని హైమ మాటిచ్చింది. అందుకే కుర్చీలోంచి లేవకుండా, స్థానికత ధ్రువపత్రం ఎవరిస్తారని అడిగింది.

"తహసీల్దారు," అన్నారు దక్షిణామూర్తి గారు.

"ఏ గ్రహం తహసీల్దారండీ?"

ఈ ప్రశ్న ఆయనకు నచ్చింది. నోట్ ఫైలులో రాసుకున్నారు.

మీసేవ కేంద్రంలో కుర్రది హైమ చెప్పిందంతా ఓపిగ్గా విని, కంప్యూటరు ఆమె వైపు తిప్పింది. జిల్లా, మండలం, గ్రామం అన్న గడులున్నాయి. గ్రహం అన్న గడి లేదు. "ఏదోటి నొక్కితే గాని ముందుకెళ్లదు మేడం," అంది. ఆ సంగతి తహసీల్దారు పైకి రాశారు. పైవాళ్లు ఇంకా పైకి రాశారు. అన్నిటికన్నా పైనున్న వాళ్లు, గ్రహానికి హద్దులు తేల్చి పంపమని కిందికి రాశారు.

ఒక మంగళవారం పొద్దున సర్వేయరు గొలుసు, గొడుగు పట్టుకుని క్వారీకి వచ్చాడు. ప్లాస్టర్ కొండల మధ్య, ఎర్ర రంగు పూసిన థర్మోకోల్ గుంటల మధ్య మధ్యాహ్నం దాకా నడిచి కొలతలు వేశాడు. నివేదిక ముచ్చటగా వచ్చింది. తూర్పున శూన్యం. ఉత్తరాన శూన్యం. పడమర శూన్యం. దక్షిణాన గుమ్మడివలస వెళ్లే బండిబాట. సమీప బస్ స్టాపుకు దూరం అన్న చోట, నాలుగు వందల కాంతి సంవత్సరాలు, ఆటోలో పది నిమిషాలు అని రాశాడు. దాని మీద ఉత్తర్వు వెలువడింది. ఇరుసు గ్రహాన్ని గుమ్మడివలసకు శివారు గ్రామంగా గుర్తించడమైనది.

"మొత్తానికి సాధించాం," అన్నాడు సాల్మన్, ఉత్తర్వు కాపీ పట్టుకుని. "ఇంక పత్రం ఇచ్చేయండి సార్."

"ఇస్తాం," అన్నారు దక్షిణామూర్తి గారు. "మీరు ఆ ప్రాంతంలో వరసగా నాలుగేళ్లు చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు జతచేయండి."

స్థానికుడంటే ఎవరు? ఆ ప్రాంతంలో నాలుగేళ్లు చదివినవాడు. రాష్ట్రంలో ఉద్యోగానికైనా, సీటుకైనా అంతే. పాటలకూ అదే. నిరుటిదాకా లేని గ్రహంలో నాలుగేళ్లు ఎలా చదువుతామని హైమ గట్టిగానే అడిగింది. దక్షిణామూర్తి గారు కోప్పడలేదు. ఆయన చెడ్డవాడు కాడు. ఈ ఆల్బం బయటికి రావాలని ఆయనకూ ఉంది. మండలి శాస్త్ర సలహాదారుకు ఫోను చేసి ఐదు నిమిషాలు మాట్లాడారు. పెట్టేసరికి ముఖం వెలిగిపోతోంది.

"ఇరుసులో ఏడాదికి ఎన్ని రోజులు?"

"పదకొండు," అంది హైమ.

"నాలుగేళ్లకు?"

హైమ వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది.

"నలభై నాలుగు రోజులు," అన్నారాయన, తనే స్వయంగా వాళ్లకు ఆ గ్రహం రాసిచ్చినట్టు. "సెలవు పెట్టుకోండమ్మా. బడికి వెళ్లండి."

ఆ విధంగా ఇరుసు గ్రహంలో ప్రాథమిక పాఠశాల వెలిసింది. సినిమాలో విలన్ గుహగా కట్టిన సెట్టులోనే నల్లబల్ల తగిలించారు. పాఠాలు వినడానికని ఏ కాలంలోనో కొని గోదాములో పడేసిన సీడీ ప్లేయరొకటి, మైక్ సెట్టొకటి సరఫరా అయ్యాయి. ఎక్కడా పిల్లలు చాలక మిగిలిపోయిన ఏకోపాధ్యాయుడు లక్ష్మణస్వామి మాస్టారిని హెడ్మాస్టరుగా వేశారు. రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్న ఆ పెద్దమనిషి ఉత్తర్వు రెండుసార్లు చదువుకుని, రిటైర్మెంటు ఇరుసు లెక్కన అయితే ఇరవై రెండు రోజుల్లో రావాలి కదా అని పైకి రాశారు. ఉపాధ్యాయులకు భూమి లెక్క, విద్యార్థులకు ఇరుసు లెక్క అని జవాబొచ్చింది. ఇంక మాట్లాడకుండా బెత్తం కొనుక్కుని వచ్చేశారు.

చేరే రోజున పన్నెండు బృందాల వాళ్లూ, మొత్తం నలభై ఆరు మంది, గిటార్లు గోడకు ఆనించి వరసలో నిలబడ్డారు. అప్పుడే మండలి నుంచి అత్యవసర మెమో వచ్చింది. సంకలనంలో పాడే కళాకారులకు గరిష్ఠ వయోపరిమితి ముప్పై ఐదేళ్లు. ఇరుసు సంవత్సరాల ప్రకారం చూడగా శ్రీమతి హైమవతి వయసు పదకొండు వందల ఇరవై తొమ్మిది, శ్రీ నూకరాజు వయసు పదిహేను వందల ఇరవై ఏడు. శ్రీమతి హైమవతికి వెయ్యిన్ని తొంభై నాలుగేళ్లు, శ్రీ నూకరాజుకు పద్నాలుగు వందల తొంభై రెండేళ్ల సడలింపు ఏ కారణముచే ఇవ్వవలెనో మూడు రోజులలో తెలియజేయవలెను.

నూకరాజు ముఖం మాడిపోయింది. "ఐపోనాదమ్మా. మన పాట పోనాది," అన్నాడు.

లక్ష్మణస్వామి మాస్టారు మెమో చదివి, మడిచి, బల్ల కాలు కింద పెట్టారు. బల్ల ఊగడం మానింది. "నలభై ఏళ్లుగా పిల్లల్ని బళ్లో వేసుకుంటున్నాను," అన్నారు. "ఒక్కడు పుట్టిన తేదీ తెలిసి వచ్చినవాడు లేడు. నేను వేసిందే తేదీ. ఒరే అబ్బాయ్, నీ పేరు?"

"నూకరాజండి."

"ఒకటో తరగతికి ఐదేళ్లు నిండి ఉండాలి. నిండాయి. మీ అందరికీ జూన్ ఒకటి వేస్తున్నాను. పుట్టుమచ్చలు?"

కుడి మోచేతి మీద ఒకటి, మెడ వెనక ఒకటి. మాస్టారు దగ్గరగా వచ్చి చూసి రాసుకున్నారు. రిజిస్టరు మీద ఎక్కింది గనక నలభై ఆరేళ్ల నూకరాజు ఆ క్షణం నుంచీ ఐదేళ్లవాడు. రిజిస్టరును కాదనే అధికారం దక్షిణామూర్తి గారిక్కూడా లేదు.

బడి జోరుగా సాగింది. ఏడాది అంటే పదకొండు రోజులు కాబట్టి అందులోనే మూడు నెలల పరీక్షలు, ఆరు నెలల పరీక్షలు, సంవత్సరాంత పరీక్షలు రావాలి. వచ్చాయి. ప్రతి పదకొండు రోజులకూ ఒకసారి జెండా వందనం చేసి బిళ్లలు పంచారు. వేసవి సెలవులు ఎనిమిదో రోజు మధ్యాహ్నం మొదలై పదో రోజు పొద్దున ప్రార్థన గంటకు ముగిసేవి. హైదరాబాదు బృందం ఒకటి వేసవి సెలవులు కదా అని ఇంటికెళ్లి, అక్కడ ఎవరిదో పెళ్లి చూసుకుని తిరిగొచ్చేసరికి రెండేళ్లు గడిచిపోయాయి. హాజరు చాలక పేర్లు కొట్టేశారు. ఇంకో బృందం వాళ్లు తమ బదులు తమ్ముళ్లని పంపారు. మాస్టారు వరసగా చొక్కా చేతులు పైకి మడిపించి, పుట్టుమచ్చలు సరిచూసి, తమ్ముళ్లని ఆటో ఎక్కించారు. రోజుకొకరు, ఇద్దరు చొప్పున పలచబడుతూ వచ్చారు. లీడ్ గిటారిస్టులు ఎక్కాల దగ్గర ఎక్కువగా పోయారు.

ఉప్పుగాలి వాళ్లు మాత్రం కదల్లేదు. సాల్మన్ పాఠం మధ్యలో రాగం తీస్తూ రెండుసార్లు బెంచీ ఎక్కాడు. హైమ ఆసుపత్రిలో ఉన్న సెలవులన్నీ ఊడ్చి పెట్టేసింది. నూకరాజు సంగతే వేరు. వాడు ఏడో తరగతిలో బడి మానేసి రేకుల షెడ్డుకు వెళ్లిపోయిన మనిషి. కుడి చెవి మాస్టారి వైపు ఉండేలా ముందు బల్ల మీద ఎడమ చివర కూర్చుని, అడిగినా అడక్కపోయినా చెయ్యెత్తేవాడు. మూడో ఏడు, అంటే మూడో పదకొండు రోజులు గడిచేసరికి, తరగతిలో ఫస్టు వచ్చాడు.

"మేస్టారు నన్ను మెచ్చుకున్నారమ్మా," అన్నాడు ఆటోలో, సిగ్గుపడుతూ. "ఏటన్నారో సగం ఇనబళ్లేదు గానీ, మెచ్చుకున్నారు."

సగం వినబడలేదన్న మాటకు హైమ జరిగి వాడి కుడి చెవి వైపు కూర్చుంది. బడిలో చేరిన రోజున ఆ చెవికి అంతా వినబడేది. వానాకాలం ఇంకా రాకముందే చెవి మూసుకుపోతోంది. ఇరుసులో ఏళ్లు తొందరగా గడుస్తున్నాయని సరదాగా నవ్వుకున్నవాళ్లు, ఆ రోజు ఆటోలో ఎవరూ నవ్వలేదు.

నలభై నాలుగో రోజున సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. తహసీల్దారు అదే పూట స్థానికత పత్రాలు ఇచ్చారు. ముగ్గురూ పరుగున మండలికి వెళ్లారు. దక్షిణామూర్తి గారు పత్రాలు వెలుగుకు పట్టి చూసి, చాలా సంతోషించి, పెన్ను తీసి, సంతకం పెట్టబోతూ ఆగారు.

"పుట్టిన తేదీ ప్రకారం మీకు తొమ్మిదేళ్లు," అన్నారు. "మైనర్లు."

"ఇంకా ఏంటండీ?" అంది హైమ.

"మైనర్లతో ఒప్పందం చెల్లదమ్మా. నాన్నగారి చేత సంతకం పెట్టించుకు రండి."

హైమ తరఫున వాళ్లమ్మ గోపాలపట్నం నుంచి సిటీ బస్సులో వచ్చి సంతకం చేసి, ఈ వయసులో ఇదేం చదువే అని తిట్టిపోయింది. సాల్మన్ తండ్రి చర్చి పాస్టరు. ప్రార్థన చేసి మరీ సంతకం పెట్టారు. నూకరాజు తండ్రి అప్పలస్వామికి డెబ్బై ఎనిమిది. భీమిలి దగ్గర వలలు అల్లే ఆ ముసలాయన తెల్లటి పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, కొడుకుని వెంటబెట్టుకుని, మండలికి కాకుండా నేరుగా క్వారీకి, బడి దగ్గరికే వెళ్లిపోయాడు.

"మా గుంటడు సరిగ్గా సదువుతున్నాడేటి బాబూ?" అన్నాడు హెడ్మాస్టరుతో, చేతులు కట్టుకుని.

"మీవాడు ఫస్టు," అన్నారు లక్ష్మణస్వామి మాస్టారు.

ముసలాయన కొడుకు వైపు తిరిగాడు. "ఆ దినాన నిన్ను బడి మానిపించీసి షెడ్డుకి పంపీసింది నానేరా," అన్నాడు. "ఇంటన్నావేటి? నానేరా." నూకరాజుకు వినబడిందో లేదో తెలియదు. "ఏడ సంతకవెట్టాలో సూపించు నాన్నా," అన్నాడు ముసలాయన, కాగితం తనే అందుకుని. తొమ్మిదేళ్ల కొడుకు చెయ్యి పట్టుకుని అప్పలస్వామి వేలిముద్ర వేశాడు.

అంతా అయిపోయిందనుకున్నారు. అప్పుడు ప్రణీత్ వచ్చాడు.

సినిమా చివర్లో ఇరుసు గ్రహం పేలిపోవాలి. కథకు ఆయువుపట్టు అదే. ముంబయి నుంచి మందుగుండు వాళ్లు దిగారు. తీగలు పరిచారు. మీట నొక్కబోయేముందు మండలి నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు. ఇరుసు ఇప్పుడు రెవెన్యూ గ్రామం. నడుస్తున్న పాఠశాల ఉంది. ధ్రువపత్రాలున్న స్థానికులు ముగ్గురున్నారు. ఇట్టి గ్రహమును ముందస్తు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా, నిర్వాసితులకు పునరావాసము చూపకుండా పేల్చుట నేరము.

"సార్, అది థర్మోకోల్," అన్నాడు ప్రణీత్, ఏడుపు గొంతుతో.

"గృహనిర్మాణ సామగ్రి ఏదైనా గ్రామం గ్రామమే," అన్నారు దక్షిణామూర్తి గారు. "అన్నట్టు, పునరావాసం అంటే అదే రకం గ్రహం ఇంకోటి చూపించాలి. మీ దృష్టిలో ఏదైనా ఉందా?"

ప్రణీత్ చేతులెత్తేశాడు. వారం రోజులు గడ్డం పెంచుకుని తిరిగి, తర్వాత నర్సీపట్నం వైపు ఒక పాత బంగళా చూసుకుని దయ్యాల సినిమా మొదలెట్టాడు. దయ్యాలకు స్థానికత ఎవరూ అడగరని అతని నమ్మకం. ఆ నమ్మకం ఎన్నాళ్లు నిలిచిందో మనకు అనవసరం.

హైమ కోపంతో మండలికి బయల్దేరింది గానీ, గేటు దాకా వచ్చేసరికి ఆ వేడి ఆవిరైపోయింది. సినిమా లేదు. ఇక ఆల్బం ఎక్కడిది? ఆ ఒక్క పాట ఇప్పించండి, ఒక మనిషి ఒక్కసారి విని తిరిగిచ్చేస్తాం, అని అడిగింది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి దక్షిణామూర్తి గారు కంగారుపడ్డారు.

"ఆల్బం ఆగుతుందని ఎవరన్నారమ్మా? నిధుల కాలపరిమితి ఈ నెలాఖరు. విడుదల చేసి తీరాలి. సినిమా ఉండితీరాలని నియమావళిలో ఎక్కడా లేదు. ఇబ్బంది వేరే ఉంది." ఆయన గొంతు తగ్గించారు. "పన్నెండు పాటలకు తొమ్మిదైనా స్థానికులవి కావాలి. నాలుగేళ్లూ పూర్తిచేసింది మీ బృందమొక్కటే."

"అయితే?"

"రాత్రంతా ఆలోచించాను," అన్నారాయన, కొంచెం గర్వంగా. "సంకలనములో పన్నెండు గీతములు ఉండవలెనని ఉంది. వేరువేరు గీతములని ఎక్కడా లేదు."

విడుదల సభ నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం, ఇరుసు గ్రహం మీద. స్థానిక కళాకారుల ఆల్బం స్థానికంగానే విడుదల కావాలి కదా. గుమ్మడివలస జనం ఆటోల్లో దిగారు. అప్పలస్వామి తలపాగాతో ముందు వరసలో కూర్చున్నాడు. వేదిక మీద అమాత్యులు, వారి పక్కన సలహాదారు, వారి పక్కన దక్షిణామూర్తి గారు. బంగారు కాగితం చుట్టిన అట్టపెట్టె విప్పగానే అందులోంచి సీడీ వచ్చింది. అట్ట వెనక ఒకటి నుంచి పన్నెండు దాకా వరసగా "తుప్పు పట్టిన సైకిలు" అని పన్నెండుసార్లు అచ్చయింది. ఒక పత్రిక విలేకరి అది చూసి, సంకలనంలో మెచ్చదగిన ఏకసూత్రత ఉందని అప్పుడే రాసేసుకున్నాడు. అమాత్యులు మాట్లాడుతూ, నూటికి నూరు శాతం స్థానికులతో ఆల్బం తెచ్చిన గ్రహం మన సౌరకుటుంబంలోనే మరొకటి లేదన్నారు. ఇరుసు మన సౌరకుటుంబంలోది కాదని సలహాదారు చెవిలో చెప్పబోయి ఊరుకున్నారు.

బడిలోని సీడీ ప్లేయరు ఆ ఊళ్లో మిగిలిన ఆఖరిది. లక్ష్మణస్వామి మాస్టారు దాన్ని తుడిచి, మైక్ సెట్టుకు తగిలించి, నూకరాజుని పిలిచి స్పీకరు పెట్టె పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నూకరాజు కుడి చెవి పెట్టెకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. హైమ వాడి ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

పాట మొదలైంది. మొదటిసారి నూకరాజు కదల్లేదు. చెంపల మీద నీళ్లు మాత్రం కారిపోయాయి. రెండోసారి నవ్వాడు. అమాత్యులు అర్జంటు పనుందని లేచారు. మూడోసారికి నూకరాజు పెదాలు కదిలాయి. నాలుగోసారి గుమ్మడివలస ఆడవాళ్లు అందుకుని "పోనీ సైకిలూ పోనీ" అని పాడేశారు. ప్రొటోకాల్ ప్రకారం సంకలనం ముగిసేదాకా కదలకూడని దక్షిణామూర్తి గారు, ఐదోసారికి చేతి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. ఆరోసారికి ఆయన చెప్పు నేల మీద తాళం వేస్తోంది. ఆయనకే తెలియలేదు.

ఏడోసారి మధ్యలో నూకరాజు కళ్లు తెరిచి హైమని చేత్తో పిలిచాడు.

"ఏంటన్నా? వినబడట్లేదా?" అంటూ హైమ పరుగున వచ్చింది.

"బాగా ఇనబడతంది. మూడో చరణంలో నువ్వు ఆలీసెంగా వచ్చినావమ్మా."

"నేనా? నేనేం లేటు రాలేదు!"

"వచ్చినావు. అరదరువు ఎనకాల."

"పన్నెండేళ్ల నుంచీ ఇలాగే వాయిస్తున్నాను, ఎవరూ అన్లేదు."

"ఎవరిన్నారేటి, అనడానికి?" అన్నాడు నూకరాజు, ఇంత నోరేసుకుని నవ్వుతూ. జరిగి, కుర్చీలో సగం ఆమెకిచ్చాడు. "ఇంకా ఐదుపాల్లున్నాయి. కూకో, ఇను."

ఎనిమిదో పాట మొదలైంది. హైమ చెవి పెట్టెకి ఆనించింది. మూడో చరణం వచ్చింది. నిజమే, లేటే.